డాన్ ఎల్లిస్ 19 బీట్లను ఎలా పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: మూడేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నారు, కర్ణాటక సంగీతం కూడా కాస్త విన్నారు. జాజ్ డ్రమ్స్ నేర్చుకునే కుర్రాడి కథ ‘విప్లాష్’ సినిమా చూశాక, ఆ పేరుతో ఉన్న ట్యూన్‌ని అసలు వాయించిన బ్యాండ్ ఎవరిదా అని వెతికి, అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడూ బ్యాండ్ నాయకుడూ అయిన డాన్ ఎల్లిస్ దగ్గరికి వచ్చారు. ఆయన 19 బీట్ల ట్యూన్‌తో కలిసి వాయించబోతే రెండో ఆవర్తనానికే (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తనం) లెక్క తప్పుతోంది. అంతమంది దాన్ని కలిసికట్టుగా ఎలా వాయించారు, అసలు ఇది సంగీతమా లేక లెక్కల ప్రదర్శనా అని మీ సందేహం.

నేను చిన్నప్పుడు పదేళ్లు మృదంగం నేర్చుకుని, ఆ తర్వాత డ్రమ్స్‌కి వచ్చినవాణ్ని. ఇప్పుడు రెండూ నేర్పుతున్నాను. ఎల్లిస్ రికార్డులు నాకు పాఠ్యపుస్తకాల లాంటివి. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు మీ చేతి సమస్య చూద్దాం. మీరు 19 దాకా లెక్కపెడుతున్నారు, తప్పు అక్కడే జరుగుతోంది. తెలుగులో అంకెల్ని పైకి పలికి చూడండి. ఒకటి అంటే మూడక్షరాలు. రెండు, మూడు అంటే రెండేసి. నాలుగు దగ్గర మళ్లీ మూడు. ఎనిమిదికి నాలుగు. పదకొండు, పద్నాలుగు, పంతొమ్మిది దాకా వస్తే ప్రతి దానికీ నాలుగు. ఒక్కో అంకె ఒక్కో పొడవు. వేగం కాస్త పెరగ్గానే నాలుక వెనకబడుతుంది, దాంతోపాటే చెయ్యీ వెనకబడుతుంది. పెద్ద తాళాల్ని అంకెలతో మోయలేం. మృదంగం గురువులు మొదటి రోజు నుంచీ జతులు, అంటే తకిట, తక లాంటి నోటి పలుకులు, చెప్పించేది ఇందుకే.

ఎల్లిస్ ఆ ట్యూన్‌కి పెట్టిన పేరులోనే జవాబు ఉంది. దాని పేరు ‘33 222 1 222’. అది ఉత్త పేరు కాదు, ఫోన్ నంబరూ కాదు. 19 బీట్లని ఎలా విడగొట్టుకోవాలో అదే చెబుతోంది. 1966 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే జాజ్ ఫెస్టివల్‌లో ఈ ట్యూన్ వాయించే ముందు ఆయన మైకు దగ్గర ఆ అంకెలన్నీ చదివి, ఇది ఏరియా కోడ్ మాత్రమే అంటాడు. జనం నవ్వుతారు. ఆ వెంటనే బ్యాండ్ అందుకుంటుంది, ఇక ఆ నవ్విన జనమే ఊగిపోతారు. ఆ కచేరీ రికార్డు దొరుకుతుంది, తప్పకుండా వినండి.

ఆ అంకెల్ని మన జతుల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది:

తకిట తకిట
తక తక తక
త
తక తక తక

ఇప్పుడు దీన్ని కాస్త దగ్గరగా చూడండి. మొదటి వరసలో ఆరు. రెండో వరసలోనూ ఆరే, కాకపోతే మొదటిది మూడేసి చొప్పున రెండు, ఇది రెండేసి చొప్పున మూడు. చివరి వరసలో మళ్లీ ఆరు. అంటే 19 అని భయపెడుతున్నది నిజానికి మూడు ఆరులు, వాటి మధ్య ఇరికించిన ఒక్క అక్షరం. ఈ ట్యూన్ ప్రాణమంతా ఆ ఒంటరి ‘త’లోనే ఉంది. నడుస్తూ నడుస్తూ ఒక చోట అడుగు మార్చి వేసినట్టు ఉంటుంది. ఆ అడుగు ఎప్పుడొస్తుందో ఒంటికి తెలిసిపోతే మిగతాదంతా మామూలు నడకే.

దాదాపు అందరూ తప్పేది కూడా అక్కడే. ఆ ‘త’ని తెలియకుండా ‘తా’ అని సాగదీస్తారు. అప్పుడు 19 కాస్తా 20 అవుతుంది. 20 అంటే ఐదు నాలుగులు, చిన్నప్పటి నుంచీ మన చెవికి అలవాటైన చతురశ్రం. ఒళ్లు అలవాటైన దారికే పోతుంది. మీరు రెండో ఆవర్తనంలో తప్పుతున్నానన్నారు కదా, మీ వాయిద్యం ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మీరు అక్కడ ఒక బీట్ ఎక్కువ వేస్తున్నారనే నా నమ్మకం.

సాధన ఇలా మొదలుపెట్టండి. స్టిక్స్ పక్కన పెట్టండి. మెట్రోనోమ్‌లో ప్రతి అక్షరానికీ ఒక క్లిక్ పడేలా నిమిషానికి 120 పెట్టుకుని, నోటితో జతులు చెప్పండి. ప్రతి గుంపు (తకిట, తక, త) మొదటి అక్షరానికీ తొడ మీద దెబ్బ. ఒక వారం ఇంతే. తర్వాత డ్రమ్స్ ముందు కూర్చుని హై-హాట్‌ని (జంట తాళాలు) ప్రతి అక్షరానికీ సమానంగా నడపండి, గుంపు మొదట్లో మాత్రం కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్). స్నేర్‌ని (ఎదురుగా ఉండే చురుకైన చిన్న డ్రమ్) ఆ ఒంటరి ‘త’ మీద తప్ప ఇంకెక్కడా వాడొద్దు. స్నేర్ మోగిన ప్రతిసారీ మీరెక్కడున్నారో మీకు తెలుస్తుంది. పది నిమిషాలు తప్పకుండా నడిచాక, క్లిక్‌ని ఆవర్తనానికి ఒక్కసారే పడేలా మార్చండి. టెన్షన్ మొదలయ్యేది అప్పుడే, నేర్చుకోవడం మొదలయ్యేదీ అప్పుడే.

‘విప్లాష్’ సంగతి కూడా చెప్పాలి. ఆ ట్యూన్ రాసింది ఎల్లిస్ కాదు, హ్యాంక్ లెవీ. బాల్టిమోర్ దగ్గర టౌసన్‌లో కాలేజీ పిల్లలకు జాజ్ నేర్పిన మనిషి, ఎల్లిస్ బ్యాండ్‌కి కష్టమైన తాళాల్లో ఎన్నో ట్యూన్లు రాశాడు. ఎల్లిస్ దాన్ని 1973లో ‘సోరింగ్’ ఆల్బమ్‌లో వాయించాడు. అది ఏడు బీట్ల ట్యూన్. సినిమాలో చూపించిన చెంపదెబ్బలూ రక్తమూ లేకుండానే అది వాయించొచ్చు, ఆ విషయంలో మీరు ధైర్యంగా ఉండండి.

ఏడు గురించి ఒక అనుభవం. మా దగ్గరికి గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు, చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. 4/4లో, అంటే ఆవర్తనానికి నాలుగు బీట్లలో, చెయ్యి బ్రహ్మాండం. ఏడు ఇస్తే మాత్రం ఎనిమిదో బీట్ కోసం చెయ్యి దానంతటదే లేచేది. రెండు వారాలు చూసి, ఒకరోజు స్టిక్స్ తీసేసుకుని ‘దేశమును ప్రేమించుమన్నా’ చెప్పమన్నాను. బడిలో నేర్చుకున్నదే కదా, గడగడా చెప్పేశాడు. మళ్లీ నెమ్మదిగా చెప్పమని, నేను ప్లాస్టిక్ కుర్చీ మీద దరువేశాను. దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మంచి, అన్నది, పెంచు, మన్నా. మళ్లీ మూడు, నాలుగు, మూడు, నాలుగు. గురజాడ ముత్యాల సరాలు నడిచేది మిశ్ర గతిలో, మాత్రలు లెక్కేస్తే ఏడేసి. ఆ కుర్రాడు కుర్చీ వైపు చూసి, నా వైపు చూసి, ‘ఇది నాకు వచ్చు కదా సార్’ అన్నాడు. ఆ సాయంత్రమే ఏడులో అరగంట ఆగకుండా వాయించాడు.

ఎల్లిస్‌కీ అచ్చం ఇలాంటి మలుపే తగిలింది, కాకపోతే వేరే దారిలో. ఆయన 1934లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. బోస్టన్‌లో కంపోజిషన్ చదివి, మేనార్డ్ ఫెర్గూసన్ బ్యాండ్‌లో, తర్వాత జార్జ్ రస్సెల్ బృందంలో ట్రంపెట్ వాయించాడు. బేసి తాళాల వైపు తనని మొదట నెట్టింది టర్కీకి చెందిన సంగీతకారుడు ఆరిఫ్ మార్డిన్ ఇచ్చిన ఒక ట్యూన్ అని ఆయనే రాసుకున్నాడు. తొమ్మిది బీట్లు, 2-2-2-3గా విడగొట్టింది. అమెరికా మ్యూజీషియన్‌కి అది చిక్కుముడి. టర్కీలో పెళ్లిళ్లకీ పండగలకీ జనం చప్పట్లు కొట్టి ఆడే నడక.

తర్వాత లాస్ ఏంజెలెస్‌కి తిరిగొచ్చి అక్కడి విశ్వవిద్యాలయం యూసీఎల్ఏలో చేరినప్పుడు హరిహర్ రావు కలిశారు. రవిశంకర్ శిష్యుడు, సితార్, తబలా రెండూ తెలిసినవారు, అక్కడ భారతీయ సంగీతం నేర్పేవారు. ఎల్లిస్ ఆయన దగ్గర కూర్చుని లయ నేర్చుకున్నాడు. పేరున్న ట్రంపెట్ కళాకారుడు మళ్లీ మొదటి నుంచి విద్యార్థి కావడం చిన్న విషయం కాదు. 1964లో ఇద్దరూ కలిసి హిందుస్తానీ జాజ్ సెక్స్‌టెట్ అనే ఆరుగురి బృందం పెట్టారు. జాజ్ వాయించేవాళ్లకి భారతీయ సంగీతాన్ని పరిచయం చేస్తూ మరుసటి ఏడాది కలిసి ఒక వ్యాసమూ రాశారు. సితార్‌ని అగరబత్తి పొగలా వాడుకునే ఫ్యాషన్ అమెరికాలో అంతా పాకకముందే ఇదంతా జరిగింది. ఎల్లిస్ తీసుకున్నది సితార్ శబ్దం ఒక్కటే కాదు, ఆవర్తనం అనే ఆలోచన. అందుకే నాకు ఆయనంటే గౌరవం.

బీట్ అంటే నాలుగు గళ్ల పెట్టె అని అనుకుంటే, ఐదు, ఏడు వచ్చినప్పుడల్లా ఏదో తగ్గినట్టో మిగిలినట్టో ఉంటుంది. తాళాన్ని రెండ్లూ మూడ్లూ గుచ్చిన దండలా చూస్తే ఏ సంఖ్య అయినా నిండుగానే ఉంటుంది. ఈ చూపు ఆయనకి దొరికింది. ఆ తర్వాత దాన్ని ఒక పెద్ద బ్యాండ్‌కి నేర్పాడు. బేసి తాళాల్లో జాజ్ వాయించిన మొదటివాడు ఆయన కాదు. డేవ్ బ్రూబెక్ బృందం ‘టేక్ ఫైవ్’ని 5/4లో 1959లోనే వాయించింది. కానీ అది నలుగురి బృందం. నలుగురు కళ్లతో మాట్లాడుకోగలరు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు, ముగ్గురు బేస్ (మంద్ర స్వరాల తీగ వాద్యం) వాద్యకారులు, ఒకరికి మించి డ్రమ్మర్లు, పైన కాంగాలు (చేత్తో వాయించే డ్రమ్ములు) ఉన్న గుంపు 19లో కలిసి ఊపిరి తీసుకోవాలంటే కళ్లు చాలవు.

మరి ఎలా చేశారంటే, నేను విన్నంతలో అసలు రహస్యం బేస్‌లో ఉంది. ఎల్లిస్ ట్యూన్లు చాలావాటిలో బేస్ ఒకే చిన్న వరసని ఆగకుండా తిప్పుతూ ఉంటుంది. ఆ వరసలో పెద్ద స్వరాలు పడేచోట్లే గుంపుల మొదళ్లు. అంటే తాళాన్ని ఎవరూ లెక్కపెట్టే పని లేదు, బేస్ పాడుతోంది, మిగతావాళ్లు ఆ పాటని వింటే చాలు. కోలాటంలో పాట తెలిసినవాడు అడుగు లెక్కపెట్టడు కదా, అలాగే. రెండో కారణం, వాళ్లు వారం వారం వాయించేవాళ్లు. హాలీవుడ్‌లోని ఒక క్లబ్‌లో సోమవారం రాత్రుళ్లు కచేరీ, దానికోసం రిహార్సల్స్. చేతికి వచ్చేదాకా వాయించారు, అంతకుమించిన రహస్యం లేదు. అక్కడికొచ్చే అభిమానులే ఉత్తరాలు రాసి మాంటెరే ఫెస్టివల్‌కి పిలిపించారని కూడా చెబుతారు.

మీరు డ్రమ్మర్ కాబట్టి ఇంకొకటి గమనించండి. రాల్ఫ్ హంఫ్రీ లాంటి డ్రమ్మర్లు ఈ బ్యాండ్‌లో తయారయ్యారు. ఆయన తర్వాత రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా దగ్గర వాయించాడు. రికార్డుల్లో ఆయన గుంపుల మొదళ్ల మీద ప్రతిసారీ బరువు వెయ్యడు. మొదటి రెండు ఆవర్తనాలు చూపిస్తాడు, తర్వాత దాచేస్తాడు, సోలో ముగింపుకి మళ్లీ బయటికి తెస్తాడు. మృదంగంలో తీర్మానానికి, అంటే ముగింపు జతికి, ముందు చేసే పని ఇదే.

19 కన్నా వింతగా కనిపించే తాళం ఇంకొకటి ఉంది, 3⅔, ఇప్పుడు దాని సంగతి. ఎల్లిస్‌ది 1967 నాటి ఒక ఆల్బమ్ పేరులోనే మూడు, రెండు బై మూడు, కింద నాలుగు అని తాళం రాసి ఉంటుంది. చూడగానే వెటకారం అనిపిస్తుంది, కానీ అది ఖచ్చితమైన లెక్క. ఒక్కో బీట్‌లో మూడేసి అక్షరాలు పెట్టుకోండి. తకిట, తకిట, తకిట, మూడు బీట్లు అయ్యాయి. నాలుగో బీట్‌లో ‘తక’ అని ఆపేసి మళ్లీ మొదటికి వచ్చేయండి. చివరి బీట్‌లో మూడింట రెండు వంతులే వాయించారు, అంటే మూడూ మూడింట రెండు బీట్లు. అక్షరాలు లెక్కేస్తే పదకొండు. దీన్ని 11/8 అని రాస్తే ఎవరికైనా సరిపోయేది. కానీ అలా రాస్తే పదకొండు చిన్న బీట్లలా కనిపిస్తుంది. ఎల్లిస్ రాసినట్టు రాస్తే ఊగే మూడు పెద్ద బీట్లూ, చివర తెగిన ఒక బీటూ కనిపిస్తాయి. ఆ ఆల్బమ్‌లో ‘అప్‌స్టార్ట్’ ఇలా నడిచేదే. మీ పాదాన్ని పెద్ద బీట్ల మీద పెట్టి వినండి, నాలుగోసారి నేల కాస్త ముందే తగులుతుంది. రాసే పద్ధతి కూడా వాయించేవాడి ఒంటిని మారుస్తుందని నాకు అర్థమైంది దీనివల్లే.

ఇక మీ రెండో ప్రశ్న, ఇది సంగీతమా లెక్కలా అని. ఈ మాట ఆయన బతికున్నప్పుడే విమర్శకులు అన్నారు, జిమ్మిక్కు అని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొన్ని ట్యూన్లలో లెక్క ముందు కూర్చుని పాట వెనక నిలబడుతుంది, నిజమే. నాకు కూడా అన్నీ నచ్చవు. కానీ 1967లో వచ్చిన ‘ఎలక్ట్రిక్ బాత్’ వినండి. ‘ఇండియన్ లేడీ’ అనే ట్యూన్ 5/4లో ఉంటుంది. పేరు చూసి రాగాలు వెతక్కండి, బ్లూస్ వాసన కొట్టే హుషారైన పాట అది. ఐదు అన్న సంగతే మీకు గుర్తురాదు. ‘టర్కిష్ బాత్’ ఏడులో, సితార్‌తో మొదలవుతుంది. అదే ఆల్బమ్‌లో ‘న్యూ హొరైజన్స్’ 17లో ఉంటుంది, 5-5-7. జతుల్లో చెప్పుకుంటే తకతకిట, తకతకిట, తకిటతకధిమి. ఆ సుదీర్ఘమైన ట్యూన్‌లో చివరి ఏడు ప్రతిసారీ అల వెనక్కి లాగినట్టు లాగుతుంది. లెక్క తెలియనివాడికి కూడా ఆ లాగుడు తెలుస్తుంది. తాళం పాటకి ఏం చేసిందన్నదే నేను చూస్తాను. ఇక్కడ చాలా చేసింది.

జనం మాటకొస్తే, ఈ బ్యాండ్ 1970లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్‌లో, రాక్ వినడానికొచ్చే కుర్రాళ్ల ముందు వాయించి ఆల్బమ్ చేసింది. బిగ్ బ్యాండ్లు, అంటే ఇలాంటి పెద్ద జాజ్ బృందాలు, మూతపడుతున్న కాలం అది. ఆ హాలు అరుపులు వింటే, బేసి తాళం జనానికి ఎక్కదన్న మాట నమ్మబుద్ధి కాదు.

తాళం ఒక్కటే ఆయన పని కాదు, ఇది తొందరగా చెబుతాను. నాలుగో వాల్వ్ ఉన్న ట్రంపెట్‌ని హోల్టన్ కంపెనీతో చేయించుకుని, మామూలు స్వరాల మధ్య సందుల్లో పలికే పావు స్వరాలు వాయించాడు. ట్రంపెట్‌ని ఎకో మెషీన్‌లోకి పంపి తనకి తానే జవాబిచ్చుకున్నాడు. 1971లో తీగ వాద్యాల చతుష్టయాన్ని బిగ్ బ్యాండ్‌లో కూర్చోబెట్టాడు. బల్గేరియా నుంచి వచ్చిన పియానిస్ట్ మిల్చో లెవియెవ్ చేరింది కూడా ఆ బ్యాండ్‌లోనే. అదే ఏడాది ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ సినిమాకి సంగీతం ఇచ్చాడు. ఆ సినిమా థీమ్ అరేంజ్‌మెంట్‌కి గ్రామీ కూడా వచ్చింది. 1975లో గుండె దెబ్బతింది. కోలుకుని మళ్లీ బ్యాండ్ కట్టాడు, 1977లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో వాయించాడు. 1978 డిసెంబర్ 17న పోయాడు, 44 ఏళ్లకే. ఆ సంఖ్య రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ముఖ్యంగా మీరు కర్ణాటక సంగీతం కాస్త విన్నానన్నారు కాబట్టి. ‘ఇదంతా మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది’ అని తేలిగ్గా తీసేయకండి. సంకీర్ణ జాతి ధ్రువ తాళానికి 29 అక్షరాలు, 9-2-9-9, ఉన్న మాటే. మిశ్ర జాతి ఝంప తాళంలో ఏడు తర్వాత ఒకే ఒక్క అక్షరం, అనుద్రుతం, దాని తర్వాత రెండు. ఎల్లిస్ ట్యూన్‌లోని ఒంటరి ‘త’ని చూసి మృదంగం వాయించేవాడు భయపడకపోవడానికి కారణం ఇదే. కానీ తాళాన్ని చేతితో క్రియలుగా (చప్పట్లు, వేళ్ల లెక్కలు) వేస్తూ, దాని మీద పాటని నడిపించడం వేరు, పదిమంది ఊదేవాళ్లు ఒకే క్షణంలో ఊపిరి ఆపి ఒకే చోట దిగడం వేరు. పైగా జాజ్‌లో స్వింగ్ ఉంది. రెండు అక్షరాల్లో మొదటిది కాస్త సాగి, రెండోది కాస్త కుంటుతుంది. ‘తక’ని సరిసమానంగా పలికితే లెక్క సరిపోతుంది, పాట మాత్రం గట్టిపడి చెక్కలా మోగుతుంది. జతులు మీకు దారి చూపిస్తాయి. నడక మాత్రం రికార్డుల నుంచే నేర్చుకోవాలి. నేను మృదంగం నుంచి వచ్చినవాణ్ని కాబట్టి ఈ సరిసమానపు అలవాటు వదిలించుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. మీకు ఆ అడ్డంకి లేదు, అది మీకు లాభం.

వరస విషయానికొస్తే, 19తో మొదలుపెట్టకండి. ముందు ‘ఇండియన్ లేడీ’తో ఐదు, తర్వాత ‘టర్కిష్ బాత్’, ‘విప్లాష్’లతో ఏడు. అవి చేతికొచ్చాక ‘అప్‌స్టార్ట్’. ఆ తర్వాతే మాంటెరే 19. ప్రతిదాన్నీ మొదటి మూడు రోజులు వాయించకుండా వినండి, వింటూ గదిలో నడవండి. పాదం ఎక్కడ పడితే సుఖంగా ఉందో చూసుకోండి. ‘బల్గేరియన్ బల్జ్’ అని 33/16లో ఒకటుంది, బల్గేరియా జానపద బాణీ, మీకు యూట్యూబ్ తప్పకుండా చూపిస్తుంది. ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దు. ‘న్యూ హొరైజన్స్’లో 5-5-7ని నోటితో తడుముకోకుండా ఐదు నిమిషాలు చెప్పగలిగిన రోజు ఇక్కడే కింద రాయండి, 33ని ఎలా విడగొట్టాలో అప్పుడు చూద్దాం.